నలభై రోజుల పొదుపు

కుళ్లాయప్పకు ఒకటే పట్టు. ఫకీరు కొట్టంలో పొయ్యి తన చేతికి రావాలి.

అది మామూలు పొయ్యి కాదు మరి. గుట్ట కింద ఫకీరు దస్తగిరి తాత కొట్టంలో ఎవరొచ్చి కూర్చున్నా ముందర విస్తరి పడేది. ఏ ఊరని అడిగేది లేదు, ఏ కులమని అడిగేది లేదు. తాత గురువు రగిలించిన పొయ్యి అది. ఆయన తర్వాత తాతే వండి పెడుతూ వచ్చాడు. ఇప్పుడు తాతకు చూపు మందగించింది. "ఈ ఉరుసు దాటనీ, పొయ్యి ఎవరికియ్యాల్నో చెప్తా" అన్నాడొకనాడు. అంతే, కుళ్లాయప్పకు కాలు ఒకచోట నిలవలేదు.

కొట్టానికి రాకముందు పన్నెండేళ్లు పెళ్లిళ్లకు వండాడతను. వండిన చేతులతోనే, మిగిలిన ఓళిగలూ చిత్రాన్నమూ గంపలకెత్తి గుంతల్లో పారబోశాడు. ఆ పాపం మొయ్యలేకే గరిటె పడేసి తాత దగ్గరికొచ్చాడు. మూడేళ్లయినా ఆ గుంతలు కళ్లల్లోంచి పోలేదు. ఒక్క మెతుకు కింద పడితే ప్రాణం గిలగిల్లాడేది.

గురువు పేరిట ఏటా జరిగే ఉరుసు పండగ ఇంకా నలభై రోజులుందనగా తాత ముందర నిలబడ్డాడు.

"తాతా, నేనూ చిల్లా పడతా."

చిల్లా అంటే ఫకీర్లు పట్టే నలభై రోజుల దీక్ష. ఒక మూల కూర్చుని దేవుడి పేరు తలుచుకుంటారు.

"మంచిదే. యాడ కూర్చుంటావు?"

"వంటింట్లో తాతా! నలభై దినాలు ఈ పెరటి వాకిలి దాటి ఒక్క తొక్క పోదు, ఒక్క చుక్క పోదు. పెరట్లో పెంటగుంత ఎండిపోవాల!"

తాత గడ్డం నిమురుకున్నాడు.

ఇంక చూసుకోండి! బీరకాయ చెక్కు పచ్చడైంది. అరటికాయ తొక్కు వేపుడైంది. పుచ్చకాయ కోస్తే ఎర్రటిది తినేవాళ్లకు, తెల్లటిది పులుసుకు. కొత్తిమీర కాడలు చారులో మునిగాయి. అడుగంటిన మాడు ఎండలోకెక్కి, నూనెలో దిగి, కరకరలాడుతూ విస్తట్లోకి వచ్చింది. బియ్యం కడిగిన నీళ్లు పప్పులోకి, వార్చిన గంజి చారులోకి. చింతపండు పిప్పితో తోమితే ఇత్తడి గిన్నెల్లో మొహం కనపడేది. చివరికి తవుడు కూడా రొట్టెల్లోకి దూరింది. మరి తిన్నారా జనం అంటే, లొట్టలేసుకుంటూ తిన్నారు! అబద్ధమెందుకు, ఆ చేతిలో ఏముందో గానీ, కుళ్లాయప్ప గంజిచారు తాగినవాడు ఇంకో లోటా అడక్కుండా లేచింది లేదు.

తెల్లారితే చాలు, గుంత దగ్గరికి పరుగు. తొంగిచూడ్డం, ఎగిరి గంతెయ్యడం.

"తాతా, ఈగలు కూడా అలిగి లేచిపోయినాయి!"

"పోనీలే పాపం" అనేవాడు తాత.

మొదటి వారంలో గోడవతలింటి మాబున్ని సాకే బర్రె రోజూ వచ్చి పెరట్లోని రాతి తొట్టిలో మూతి పెట్టేది. "పో పో, నీకిక్కడేముంది!" అని కుళ్లాయప్ప అదిలించాడు. నాలుగైదు సార్లు వచ్చి అదీ మానేసింది. హమ్మయ్య అనుకున్నాడతను.

నలభయ్యో రోజు ఉరుసు. ఎండ నిప్పులు చెరుగుతోంది. కొట్టం నిండా డెబ్బై మంది జనం. ఊరి పెద్దలొచ్చారు, పక్క ఊళ్ల ఫకీర్లొచ్చారు. కుళ్లాయప్ప చెమట తుడుచుకునే తీరిక కూడా లేకపోయినా తాత చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్లాడు. గుంతను ఊడ్చి, నీళ్లు చల్లి, మధ్యలో ముగ్గు కూడా పెట్టాడు మహానుభావుడు.

"చూడు తాతా! నలభై దినాలు! ఒక్క మెతుకు బయటికి పోలేదు!"

చూపు ఆనని తాత వంగి చేత్తో తడిమాడు.

"నున్నగా ఉందే" అన్నాడు.

కుళ్లాయప్ప గుండె ఎగిరెగిరి పడింది. ఇంక పొయ్యి తనదే! విస్తళ్లు వేసి, అన్నం పెట్టి, పప్పు వడ్డించాడు. తాతకు ఎప్పటిలాగే మట్టి చిప్పలో పెట్టాడు. తాత ముద్ద కలిపాడో లేదో, పెరటి వాకిట్లో మాబున్ని వచ్చి నిలబడింది. చేతిలో పలుపు, వెనకాల బర్రె. దాని డొక్కలు లోపలికి పోయి పక్కటెముకలు పైకి కనిపిస్తున్నాయి.

"సలాం తాతా. దీన్ని సంతకు తోలకపోతాండా. నీకొక మాట చెప్పి పోదామని."

"ఈ బర్రెనా? బిడ్డ మాదిరి సాకితివి గదమ్మా."

"ఏం చేసేది తాతా! పిండితే చెంబు అడుగు తడవదు. ఈ ఎండలకు గడ్డి యాడిది? ఇన్నేండ్లు ఈ తొట్లో మీరు పోసే గంజి, తొక్కల కుడితితోనే నెట్టుకొచ్చినా."

కుళ్లాయప్ప చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది.

"అదేందక్కా! ఒక్క మాట అడగొచ్చు గదా!"

మాబున్ని నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

"కుడితి ఎవరన్నా అడుగుతారా నాయనా? మిగిల్తే పోస్తారు. నీకాడ ఏమీ మిగలదంట గదా. ఊరంతా మెచ్చుకుంటాండారు."

బర్రె మెడ చాచి రాతి తొట్టిని నాకింది. ఎండిన రాయి మీద నాలుక బరబరలాడింది.

తాత చిప్ప పట్టుకుని లేచాడు. గోడ తడుముకుంటూ తొట్టి దగ్గరికి పోయాడు. చిప్పలోని అన్నం సగం తొట్లోకి తోశాడు. లోటాలో నీళ్లు పోసి చేత్తో కలిపాడు.

"తాతా! అన్నం!" కుళ్లాయప్ప కేక పెట్టాడు. డెబ్బై తలకాయలు ఇటు తిరిగాయి.

"నా వాటాలోదేలే" అన్నాడు తాత. వచ్చి కూర్చుని మిగిలిన సగం తినసాగాడు.

బర్రె రెండు గుక్కల్లో తొట్టి ఖాళీ చేసి, తల ఎత్తి కుళ్లాయప్ప వైపు చూసింది. మాబున్ని పలుపు లాగింది. "వస్తా తాతా" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ బాట పట్టింది.

పంక్తిలోంచి ఎవరో "చారు రానీ కుళ్లాయప్పా!" అని పిలిచారు. అతను వంటింట్లోకి పోయాడు. చారుకని వార్చి పెట్టిన గంజి కుండ నిండా ఉంది. పచ్చడికని దాచిన బీరకాయ చెక్కు బుట్టెడుంది. పక్కన తవుడుంది. ఒక్క క్షణం చూశాడు. చెక్కంతా కుండలో పడేశాడు. తవుడు దోసిళ్లతో ఎత్తిపోశాడు. కుండ నెత్తికెత్తుకుని పెరటి వాకిలి దాటి పరుగు లంకించుకున్నాడు!

"మాబున్నక్కా! ఆగక్కా!"

కాళ్లకు చెప్పుల్లేవు. బాట పెనంలా కాలుతోంది. అడుగడుక్కీ గంజి ఒలికి మొహం మీద, మెడ మీద, చొక్కా మీద. ఒక బీరచెక్కు చెవికి వేలాడుతోంది. పంక్తిలో వాళ్లు సగం లేచి నిలబడి, "ఏమైందిరా వీడికి!" అని ఒకటే నవ్వు.

ముందు ఆగింది మాబున్ని కాదు, బర్రె. నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టి ముట్టె ఎగరేసింది. మాబున్ని ఎంత లాగినా అంగుళం కదల్లేదు. కుండ దించడమే ఆలస్యం, కళ్ల దాకా మూతి ముంచేసింది.

కుళ్లాయప్ప దుమ్ములో కూలబడ్డాడు. ఆయాసపడుతూనే చేతులు జోడించాడు.

"రేపూ పోస్తా. ఎల్లుండీ పోస్తా. నువ్వు అడగొద్దు, నేను చెప్పను. సంతకు మాత్రం వద్దక్కా. నీకు దండం పెడతా!"

మాబున్ని అతని మొహం చూసింది, చెవికి వేలాడే చెక్కు చూసింది. ఏడుస్తూనే పకపకా నవ్వేసింది. బర్రె మూతి ఎత్తాక దాన్ని ఇంటి దోవకు మళ్లించింది.

కుళ్లాయప్ప తిరిగొచ్చేసరికి పంక్తి లేచిపోయింది. చారు లేకుండానే ఉరుసు భోజనం ముగిసింది. నలభై రోజుల దీక్ష మట్టిపాలైంది, పొయ్యి సంగతి ఇంక అడిగే మొహం కూడా లేదు. తాత ఎదురుగా నేల మీద కూర్చుని తల వంచుకున్నాడు.

"చిల్లా తప్పినా తాతా."

తాత ముందుకు వంగి అతని భుజం దగ్గర ముక్కు పెట్టి గట్టిగా వాసన పీల్చాడు.

"ఏం వాసనరా ఇది?"

"కుడితి, తాతా."

"ఊఁ" అన్నాడు తాత. తలపాగా విప్పి కొసతో అతని మొహం మీది గంజి నెమ్మదిగా తుడిచాడు.

"కూర్చుంటివేంరా? పో, నీ పొయ్యి ఆరిపోతాంది."