రాజుగారి మీద అధికారి

ప్రచండవర్మ మహారాజు ఏలుతున్న ఒకానొక రాజ్యంలో వానలకు కొరత ఉండేదేమో గానీ, శాసనాలకు మాత్రం ఉండేది కాదు. మహారాజు పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఒకటి, భోజనమయ్యాక తాంబూలం నములుతూ ఒకటి జారీ చేసేవాడు. ఏది జారీ చేసినా "ఆహా!" అనడానికి శృంగభట్టు అనే మంత్రి పక్కనే ఉండేవాడు. ఆయనకు అంతకు మించి పని ఉన్నట్టు ఎవరూ ఎరగరు.

ఆ రాజ్యానికి పడమట ఇప్పకొండ ఉంది. ఈ రాజుల వంశం పుట్టకముందు నుంచీ ఆ కొండమీద గూడేల జనం కాపురం ఉంటున్నారు. ఏ వాలులో ఎవరు పోడు చేసుకోవాలి, ఇప్పపువ్వు ఎప్పుడు ఏరాలి, తగువొస్తే ఎలా తీర్చాలి, అన్నీ వాళ్ళ సభలోనే తేల్చుకునేవారు. ఆ సభకు ఒక పద్ధతి ఉంది. అందరూ నేలమీద గుండ్రంగా కూర్చుంటారు. కూర్చున్న ప్రతివాళ్ళూ సరేననేదాకా తీర్పు లేదు, లేవడమూ లేదు.

ఒకనాడు మహారాజు తాంబూలం నములుతూ ఇలా శాసించాడు: "కొండవాళ్ళకు తమ మంచిచెడ్డలు తెలియవు. ఇకమీదట అక్కడి వ్యవహారాలన్నీ మా అధికారి చూస్తాడు. ముందుగా ఇప్పచెట్లు కొట్టించి మా కొత్త మేడకు దూలాలు పంపిస్తాడు."

ఎండబెట్టి దాచుకున్న ఇప్పపువ్వే వానాకాలం కొండవాళ్ళకు తిండి; ఆ చెట్లు పోతే పొయ్యిలో పిల్లి లేవదు. ఆ కబురు వినగానే గూడేల పెద్ద కోసమ్మ కొండ దిగి కొలువుకొచ్చింది. ఆవిడ పొట్టి మనిషి. నోరు మాత్రం పొట్టి కాదు.

"మారాజా, మా కొండ సంగతులు మా సభ చూసుకుంటాది. ఆ మాట తమరు ఒప్పుకుంటే చాలు," అంది.

శృంగభట్టు పకపకా నవ్వాడు. "సభా? సింహాసనం లేదు, రాజముద్ర లేదు, ఒక్క భటుడైనా లేడు. పదిమంది చేరి చుట్ట కాలిస్తే సభ అయిపోతుందా? అసలు లేనిదాన్ని ప్రభువులు ఎలా ఒప్పుకుంటారమ్మా?"

మహారాజు మీసం దువ్వాడు. "కోసమ్మా, ఇదంతా మీ మేలుకే. తెలియనివాళ్ళ మీద తెలిసినవాణ్ణి అధికారిగా పెట్టడం ధర్మం. నా రాజ్యంలో ఇది అందరికీ ఒకటే. నాకైనా సరే!"

"తమరికైనా సరేనా?"

"ఒకసారి అన్నానంటే అన్నట్టే!"

"ఆహా!" అన్నాడు శృంగభట్టు.

"అట్టయితే తమరే కొండకొచ్చి, ఆ అధికారిని చేతులారా కూర్చోబెట్టండి. విందు చేస్తాం," అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది కోసమ్మ.

విందనగానే మహారాజు, అధికారి ఎవరన్నది అక్కడే చూసుకోవచ్చని, మంత్రిని వెంటబెట్టుకుని పల్లకీలో బయలుదేరాడు. సగం కొండ ఎక్కేసరికి బోయీలు పల్లకీ దించేశారు. మిగతా సగం ప్రభువులు కాలినడకనే ఎక్కి, ఆయాసంతో గూడెంలో అడుగుపెట్టారు. అక్కడ కోసమ్మ పక్కన మేకలు కాచే ముసలాయన ఒకడు నిలబడి ఉన్నాడు.

"మారాజా, ఈయన ఉంగయ్య. తమరి మీద అధికారి."

"నా మీదా?"

"కొండకు తమరు కొత్త కదండీ. ఇక్కడి మంచిచెడ్డలు తమరికేం తెలుస్తాయి? తెలియనోళ్ళ మీద తెలిసినోణ్ణి పెట్టమన్నది తమరే. నాకైనా సరేనన్నారు కూడా."

మహారాజు మంత్రివైపు చూశాడు. శృంగభట్టు అలవాటు కొద్దీ "ఆహా!" అన్నాడు.

ఉంగయ్య తన పనిలోకి దిగాడు. "ఎండలో ఈ బరువేంది బాబూ, తల మాడుద్ది," అని కిరీటం తీసి చూరుకు తగిలించాడు. "పట్టుబట్ట ముళ్ళకు చిరుగుద్ది," అని మేకవెంట్రుకల గొంగడి కప్పాడు. ఇంతలో ఘుమఘుమలాడుతూ నాటుకోడి కూర వచ్చింది. మహారాజు చెయ్యి చాపాడు. ఉంగయ్య ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా వెనక్కి పెట్టాడు. "రొప్పుతా ఉన్నావు. ఇప్పుడిది తింటే కడుపు చెడుద్ది. అంబలి తాగు."

శృంగభట్టు మీద అధికారి ఎవరూ లేరు గనుక ఆయన సుబ్బరంగా కోడికూర తిన్నాడు.

అది చూసి మహారాజుకు ఒళ్ళు మండిపోయింది. "నా కడుపు సంగతి నాకు తెలియదా? నన్నొక్క మాటైనా అడగక్కర్లేదా?"

"నీ మేలుకే బాబూ," అన్నాడు ఉంగయ్య ఎంతో ప్రేమగా.

"కోసమ్మా! ఈయన్ని ముందు తీసెయ్యి!"

"నేనెవర్నండీ తియ్యడానికి? కొండమీద ఇట్టాంటివి సభే తేల్చాల."

"అయితే ఆ సభనే పిలువు! రాజును, నేనే అడుగుతున్నాను, పిలువు!"

కోసమ్మ కేకేసి, అందరూ సరేననేదాకా ఎవరూ లేవకూడదని మహారాజుకు చెప్పింది. జనమంతా వచ్చి గుండ్రంగా కూర్చున్నారు. గొంగడి కప్పుకున్న మహారాజూ నేలమీద చతికిలపడ్డాడు. ఉంగయ్యను తీసేద్దామంటే అందరూ సరేనన్నారు. ఉంగయ్య ఒక్కడే ఒప్పుకోలేదు. "అబ్బాయి నీరసంగా ఉన్నాడు. ఇప్పుడు వదిలేస్తే ఎట్టా?" అన్నాడు. మహారాజు గద్దించాడు, ఉరిమి చూశాడు. ముసలాయన జాలిగా తల ఊపాడే తప్ప సరేననలేదు.

ప్రభువుల కాళ్ళకు తిమ్మిరెక్కింది. "లేచి వెళ్ళిపోదాం ప్రభూ," అన్నాడు మంత్రి చెవిలో.

"లేస్తే తీర్పు ఉండదట. నోరు మూసుకుని కూర్చో!" అని మహారాజు ముసలాయనవైపు తిరిగాడు. ఈసారి గొంతు తగ్గింది. "తాతా, ఈ కడుపు నాది. చెడితే నొప్పి పడేది నేను, నువ్వు కాదు. నా మంచిచెడ్డలు నన్నే చూసుకోనివ్వు."

ఉంగయ్య చేతిలోని అంబలి ముంత కింద పెట్టాడు. "ఆ మాట న్యాయంగా ఉంది. సరే."

మహారాజు గబగబా కోడికూర దగ్గరికి వెళ్ళాడు. కోసమ్మ అడ్డొచ్చింది.

"ఒక్క మాటండీ. మాకు సభే లేదని మంత్రిగారు కొలువులో అన్నారు. లేని సభ ఇచ్చిన తీర్పు చెల్లదు. చెల్లకపోతే ఉంగయ్య ఇంకా తమరి మీద అధికారే."

ఉంగయ్య మళ్ళీ అంబలి ముంత అందుకున్నాడు.

మహారాజు ముంతను చూశాడు, కూర చూశాడు, మూతి తుడుచుకుంటున్న మంత్రిని చూశాడు. అప్పుడు మొదలైంది నవ్వు. గొంగడి జారిపోయేలా, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు.

"సభ ఉంది తల్లీ, ఉంది! అధికారీ రాడు, ఇప్పచెట్టు మీద గొడ్డలీ పడదు. మీ కొండను మీరే ఏలుకునే హక్కు మీకు ఇచ్చాను, పో!"

అందరూ సంబరపడ్డారు. కోసమ్మ మాత్రం కదల్లేదు.

"ఇవ్వొద్దు మారాజా."

"అదేమిటి? ఇంతసేపూ అడిగింది అదేగా!"

"తమరిచ్చింది రేపు తమరి బిడ్డ వెనక్కి తీసుకోవచ్చు. ఆ హక్కు మా తాతలనాటి నుంచీ మాకు ఉన్నదే. ఉందని ఒప్పుకోండి. అంతే."

మహారాజు నవ్వు ఆపాడు. ఆయన వేసిన శాసనాల్లో 'మేము దయతో ఇచ్చితిమి' అనే మాట లేనిది ఒక్కటీ లేదు. కొండవాలుకేసి చూసి, "ఉంది. మొదటినుంచీ ఉంది. నేనే ఇవాళ చూశాను," అన్నాడు. అదే మాట రాజ్యమంతా దండోరా వేయించమని మంత్రికి చెప్పాడు. శృంగభట్టు ఈసారి నిజంగానే "ఆహా!" అన్నాడు.

తరవాత మహారాజు మెడలోని ముత్యాలహారం తీసి, ఇవ్వాలా వద్దా అన్నట్టు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"కనీసం ఇదైనా ఇవ్వనిస్తావా కోసమ్మా?"

"ఇది తమరిదేగా," అంటూ కోసమ్మ దోసిలి పట్టింది. "తమరిది తమరిస్తే ఎందుకు పుచ్చుకోనండీ?"