దిగే చోటు

బాస్కెట్‌బాల్ నేర్పే దేవసహాయం మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. ఆయన జవాబు కోసం ఎదురుచూసీ చూసీ ఇద్దరు శిష్యురాళ్లు పెళ్లిళ్లు చేసుకుని వెళ్లిపోయారని ఊళ్లో చెప్పుకుంటారు. అందులో ఒకరి సంగతి నిజమే.

పైడితల్లికి మాత్రం అంత వ్యవధి లేదు. బాస్కెట్‌బాల్ ఆడుతూ ఏడాదిలో రెండుసార్లు కుడి చీలమండ బెణికింది. మూడోసారి బెణికితే ఆట సంగతి మరిచిపొమ్మన్నాడు డాక్టరు. ఆదివారం జిల్లా జట్టుకు ఎంపిక. "నా చీలమండ కాపాడుకోవడం ఎలా మాస్టారూ?" అని అడిగింది.

అప్పటికే ఊరు తలా ఒక సలహా ఇచ్చింది. మేనత్త ఉప్పు కాపడం పెట్టింది. కాంపౌండరు సాగే పట్టీ అంటగట్టాడు. బంతిని ఏనాడూ ముట్టని టీకొట్టు అప్పలస్వామి, ఎగిరి ఎలా దిగాలో బల్ల ఎక్కి మరీ చూపించాడు. నాలుగు రోజులు కొట్టు మూసేశాడు, నడుం పట్టేసి. పైడితల్లి పట్టీ కట్టింది, కొత్త బూట్లు కొంది, రోజూ ఒంటికాలి మీద నిలబడి సాధన చేసింది. తనతోపాటు ఆడే ఎస్తేరుతో మాటలు కూడా మానేసింది. రెండు నెలల కిందట, రెండోసారి బెణికినప్పుడు, తను ఎగిరి దిగింది ఎస్తేరు పాదం మీదే.

పైడితల్లి అడిగిన మర్నాడు పొద్దున్నే మాస్టారు మట్టి కోర్టును నున్నగా ఊడ్చి, నీళ్లు చిలకరించి, పిల్లల చేత పది నిమిషాలు ఆడించారు. తర్వాత అందరినీ గీత అవతల నిలబెట్టి, పైడితల్లిని మాత్రం రింగు కిందికి పిలిచారు. తడిమట్టిలో అడుగులన్నీ అచ్చుపడి ఉన్నాయి. పైడితల్లి కొత్త బూట్ల అడుగున నక్షత్రాలున్నాయి కనుక బుకాయించడానికి వీల్లేకపోయింది. ఎవరు ఎగిరి దిగినా, వాళ్ల మడమ గుంట పక్కనే ఒక నక్షత్రం. ఒకచోట నక్షత్రం మీదే సగం మడమ.

"ఇక్కడ దిగిందెవరు?"

"రమణమ్మండి. తూలింది గానీ, పడలేదు."

మాస్టారు మడమ కింద నలిగిన నక్షత్రాన్ని వేలితో చూపించారు.

"అడ్డుకోవాలంటే మీదికి వెళ్లాలి కదండీ," అంది పైడితల్లి. ఆయన నాలుగడుగులు పక్కకు నడిచారు. అక్కడ అరిగిపోయిన బూట్ల గుర్తులున్నాయి. అవీ ఎగిరినవాళ్ల మీదికే వెళ్లాయి. కానీ వాళ్లు దిగిన చోటికి జానెడు ఇవతలే ప్రతిసారీ ఆగిపోయాయి.

అవి ఎవరివో పైడితల్లిని అడగనక్కర్లేకపోయింది. గీత అవతల ఎస్తేరు బంతిని పొట్టకు ఆనించుకుని నేలచూపులు చూస్తోంది.

"నేనడిగింది నా కాలి గురించి మాస్టారూ," అంది పైడితల్లి, గొంతు బాగా తగ్గించి.

"నువ్వు నిన్న అడిగావమ్మా," అన్నారు మాస్టారు. "ఎస్తేరు రెండు నెలల కిందటే వచ్చి అడిగింది. తన కాలి గురించి కాదు."