ఎలుగుపిల్ల అమ్మ వీపెక్కిన కథ

ఒకప్పుడు ఎలుగుబంట్లు పిల్లల్ని గుహలో వదిలేసి మేతకు వెళ్ళేవి. ఆ రోజుల్లో ఇప్పి అనే పడుచు ఎలుగుకి ఉన్న ఆస్తంతా ఇద్దరు పిల్లలు, తునికీ పరికీ. తొలి కాన్పు.

ఇప్పి లెక్కల్లో గట్టిది. ఏ పుట్టలో ఎన్ని చెదలున్నాయో వాసన చూసి చెప్పేది. పొద్దున గుహ దాటగానే పిల్లలు ఏడ్చేవాళ్ళు. ఏడ్చినప్పుడల్లా వెనక్కి వెళ్తే ఒక పుట్ట తవ్వడం తప్పిపోయేది. లెక్క కుదరక, కొండవాలులో ఉండే పెద్దమ్మని అడిగింది.

పెద్దమ్మ తేనె నాకుతూ నవ్వింది. "నువ్వు తిరిగి చూస్తున్నావు కాబట్టే ఏడుస్తున్నారు. చెవులు మూసుకో పిల్లా. వాళ్ళే మానుకుంటారు."

ఇప్పి చెవులు మూసుకుంది. మొదట్లో ఏడుపు వాగు దాకా వినబడేది. పోను పోను సన్నబడింది. ఒకరోజు అసలు వినబడలేదు. ఆ రోజు ఇప్పి కడుపునిండా తిని, దారిలో కనబడిన ఏదుపందికి తన పిల్లలు ఎంత బుద్ధిమంతులో చెప్పుకుంది.

ఇంటికెళ్తే ఎదురొస్తారా అని ఏదుపంది అడిగింది. రావడం మానేశారని ఇప్పికి అప్పుడే తట్టింది. పెద్దవాళ్ళవుతున్నారులే అనుకుంది.

మర్నాడు చిరుత వచ్చింది. ఇప్పి గుహ పక్కనే పుట్ట తవ్వుతోంది. పిల్లలు ఒక్క కేక వేస్తే చాలు, వినబడేంత దగ్గర. కేక వినబడలేదు. వచ్చి చూసేసరికి వాకిట్లో నెత్తురు. లోపల రాతిసందులో తునికి ఒక్కడే ఉన్నాడు.

"పక్కనే ఉన్నానురా. ఎందుకు పిలవలేదు?"

తునికి నేలచూపులు చూస్తూ, "పిలిస్తే వస్తావా?" అని అడిగాడు.

అది దెప్పు కాదు. వాడికి నిజంగా తెలియదు.

ఇప్పి దగ్గరికి తీసుకోబోతే వాడు బిగుసుకుపోయాడు. ఇక అది మేతకు వెళ్ళలేదు. గుహలోనే పడుకుంది. పెద్దమ్మ వచ్చి, ఉన్న ఒక్కడినీ పాడుచేస్తున్నావని తిట్టిపోయింది. వాడు కదిలితే ఇప్పి కళ్ళెత్తి చూసేది. మూలిగితే తనూ మూలిగేది. ఆకలికి ఇప్పి డొక్కలు లోపలికి పోయాయి.

చివరికి వాడు వెనకనుంచి పాకుతూ వచ్చి, అమ్మ బొచ్చు లాగి చూశాడు. ఇప్పి వెంటనే తల తిప్పింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ తిప్పింది. అప్పుడు వాడు వీపెక్కి, బొచ్చులో మొహం దాచుకుని, అన్నాళ్ళ ఏడుపూ ఏడ్చాడు. పరికి కోసం కూడా ఏడ్చాడు.

అప్పటినుంచే ఎలుగుపిల్ల పెద్దయ్యేదాకా అమ్మ వీపు మీదే అడవంతా తిరుగుతుంది. పిల్లలు పట్టి లాగీ లాగీ అక్కడి బొచ్చు పొడుగైపోయింది. ఇప్పటికీ తల్లి బయల్దేరే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. రెండు చిన్న పిడికిళ్ళూ గట్టిగా బిగుసుకున్నాక, అప్పుడు అడుగు వేస్తుంది.