రేణువులకు తువ్వాలేసి సీట్లు ఆపిన అన్నదమ్ములు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా రేపట్నుంచి నేను వక్కాకు ముట్టను. వక్కాకంటే నాకెంత ప్రాణమో మీకు తెలుసు కదా, ఇక నమ్మక ఏం చేస్తారు!

గుమ్మడిపూడిలో బంగారయ్య, చిట్టెయ్య, పోతయ్య అని ముగ్గురన్నదమ్ములు. చెప్పింది చెప్పినట్టు, వెంట్రుకవాసి తేడా లేకుండా చెయ్యడమే తెలివంటే అని వాళ్ళ నమ్మకం. ఆ లెక్కన జిల్లాకి సరిపడా తెలివి తమ ఇంట్లోనే ఉందని మీసాలు దువ్వుకునేవాళ్ళు. పెద్దవాడు బంగారయ్యకి మాత్రం ఒకటే దిగులు. పెళ్ళాం సూరీడమ్మ పుట్టింటికెళ్ళి కూర్చుంది. "నీకు బుద్ధుందని చదువుకున్నవాళ్ళెవరైనా కాగితమ్మీద రాసిస్తే పట్రా. అప్పుడొస్తా కాపరానికి," అంది.

సరిగ్గా అప్పుడే కొండ కింద సొరంగంలో ప్రయోగాలు చేసే తిలోత్తమ మేడంగారికి పనివాళ్ళు కావలసొచ్చారు. ఆ సొరంగంలో కంటికి కనబడని రేణువులు ఎదురెదురుగా పరిగెత్తి ఢీకొట్టుకుంటాయి. ఏ ముక్క ఎటు చిమ్మిందో పట్టుకోడానికి మధ్యలో నాలుగంతస్తుల మేడంత పెట్టె. ఇకమీదట రేణువుల్ని పదింతలు గుప్పిస్తారట. ఆ జడివానకి పెట్టెలోని పాత పలకలు ఆగవు, కొత్తవి బిగించాలి.

"చెప్పింది చెప్పినట్టు చేస్తారా?" అంది మేడం.

"పిసరు ఎక్కువ చేస్తే అడగండమ్మా," అన్నాడు బంగారయ్య.

"ఈ పలకలకి వేడి పడదు. మంచుగడ్డ కంటే చల్లగా ఉండాలి. మీ ఒంటి వేడి కూడా తగలనివ్వకండి."

అంతే! ముగ్గురూ పోయి పలకలు దాచే మంచుగదిలో కూర్చున్నారు. "ఒంట్లో వేడి పోయాకే ముట్టుకుందాంరా," అన్నాడు బంగారయ్య. సాయంత్రానికి పోయింది. వేడీ పోయింది, కదలికా పోయింది. బల్లల్లా బిగుసుకుపోయిన ముగ్గుర్నీ చూసి, సరుకు మోసేవాళ్ళు కొత్త పలకలే అనుకుని పెట్టెలో వరసగా పేర్చి మరలు బిగించబోయారు. చిట్టెయ్య తుమ్మాడు కాబట్టి బతికిపోయారు.

మేడం మూడు కుంపట్లు పెట్టించి, మూడు రోజులు కాచి, వాళ్ళని మళ్ళీ మనుషుల్ని చేసింది.

"చేతికి గ్లౌజులు వేసుకోవాలయ్యా!"

"అది చెప్పలేదు కదమ్మా."

"సరే, ఈసారి విడమరిచి చెప్తా. పలక మీద లక్షల గళ్ళున్నాయి. సోమవారం పొద్దున రేణువులు గుంపులుగా వచ్చి పడతాయి. గడికి ఒక్కటే పడాలి. రెండు పడ్డాయో, ఏది ఏదో తెలీదు. నా ఎనిమిదేళ్ళ కష్టమయ్యా, జాగ్రత్త!"

బంగారయ్యకి జాతరనాటి బస్సు కళ్ళముందు మెదిలింది. అంత గుంపొస్తే ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు పడరూ?

"ఒరేయ్, సీట్లు ఆపాలిరా!"

"ఎలా అన్నయ్యా?"

"బస్టాండులో ఎలా ఆపుతాం? కిటికీలోంచి తువ్వాలేసి కాదూ!"

"గడిలో తువ్వాలు పట్టదుగా?"

"నూలుపోగు పడుతుంది."

ఇంకేముంది! చుట్టుపక్కల నలభై ఊళ్ళలో తువ్వాలన్నది మిగల్లేదు. మగాళ్ళు స్నానం చేసి పెరట్లో నిలబడి అప్పడాల్లా ఆరారు. అన్నదమ్ములు పోగులు పీకి, గడికొకటి చొప్పున పలకలన్నిటి మీదా పరిచారు.

సోమవారం వచ్చింది. రేణువులు ఢీకొన్నాయి. మేడం ముందున్న తెర మీద ఒక్క చుక్క పడితే ఒట్టు! మేడం పరిగెత్తి పెట్టె తెరిస్తే లోపల దూదిపరుపు. పోగులు తీగల్లో చిక్కుకుని పెట్టె మొత్తం మూగబోయింది.

"ఏవిటిది బంగారయ్యా?"

"సీట్లు ఆపామమ్మా."

"ఎవరికి?"

"రేణువులకే."

"అవి వచ్చాయి కదయ్యా!"

"వస్తే మాత్రం? తువ్వాలేసున్న సీట్లో మర్యాదున్నవాళ్ళు కూర్చుంటారా? చూసి వెళ్ళిపోయుంటాయి, పాపం."

మేడం నవ్విందో ఏడ్చిందో తెలీదు గానీ, నేల మీద చతికిలబడింది. "ఈ దూది ఏరేసరికి ఆర్నెల్లు పడుతుంది. నీకేం కావాలో అడుగు, ఇచ్చేస్తా. మళ్ళీ ఈ కొండ ఛాయలకి మాత్రం రాకండి నాయనా!"

బంగారయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "బంగారయ్యకు బుద్ధి ఉంది, అని రాసియ్యండమ్మా."

రాసిచ్చింది. కింద సంతకం కూడా గీకింది.

సొరంగం దాటారో లేదో, చిట్టెయ్య మూతి ముడిచాడు. "ముగ్గురం కలిసి చేసిన పని. కాగితం నీ ఒక్కడికేనా అన్నయ్యా?"

"అవును సుమా!" అని బంగారయ్య కాగితాన్ని మూడు వాటాలు చేశాడు, మనిషికో మాట. పెద్దవాడు కాబట్టి మొదటి ముక్క తను తీసుకున్నాడు. తిన్నగా అత్తారింటికెళ్ళి గర్వంగా సూరీడమ్మ చేతిలో పెట్టాడు.

ఆవిడ చదివింది. తిరగేసి చూసింది. "బంగారయ్యకు... నీ పేరు నాకు తెలుసు. బుద్ధి ఏదయ్యా?"

"అది చిట్టెయ్య వాటాకి పోయింది. తమ్ముడే కదా, ఉంచుకోనీ అని వదిలేశా."

సూరీడమ్మ ఇంకా పుట్టింట్లోనే ఉంది. ఒరేయ్, ఆ మూల కూర్చున్నవాడా, నువ్వు పళ్ళికిలించింది చాలు గానీ, లే! గుమ్మడిపూడి పోయి చిట్టెయ్యనడిగి ఆ ముక్క పట్రా. వస్తూ వస్తూ సంతలో పావుకిలో చింతపండు తే, గింజ తీసింది.