మోకాళ్ళకి వినిపించిన గిటార్

ఐజయ్య మాస్టారు ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కారు. చేతిలో పని పక్కన పెట్టి, అడిగినవాళ్ళ మొహం కాసేపు చూసి, ఒక్కోసారి "పద, వెళ్దాం" అని చెప్పులు వేసుకునేవారు. విశాఖపట్నం అల్లిపురంలో ఆయన నలభై ఏళ్ళ పాటు గిటార్లు బాగుచేశారు. చివరి రోజుల్లో ఆయన దగ్గర పని నేర్చుకున్న హైమ ఒకనాడు ఇలా అడిగింది.

"మాస్టారూ, హెవీ మెటల్ వాయించేవాళ్ళకి అన్నిటికంటే బలమైన పికప్ ఏది?"

పికప్ అంటే ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కింద ఉండే అయస్కాంతం. దాని చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. పైన తీగ కదిలితే ఆ కదలికని కరెంటుగా మార్చి యాంప్‌కి, అంటే శబ్దాన్ని పెంచి వినిపించే స్పీకర్ పెట్టెకి, పంపేది అదే. చుట్లు పెరిగినకొద్దీ, అయస్కాంతం బలం పెరిగినకొద్దీ యాంప్‌లోంచి వచ్చే గర్జన పెరుగుతుంది.

హైమ ఊరికే అడగలేదు. దినకర్ అనే కుర్రవాడు ఆ ఏడాదిలో మూడోసారి వచ్చాడు. పగలు మందుల కంపెనీలో ఉద్యోగం, మిగతా వేళంతా ఒక హెవీ మెటల్ బ్యాండులో గిటార్. మొదటిసారి వచ్చినప్పుడు పాత పికప్ తీసి బలమైనది వేసింది హైమ. రెండోసారి దాన్నీ తీసి ఇంకా బలమైనది వేసింది. ఇప్పుడు అంతకన్నా బలమైనది కావాలంటున్నాడు. ఇరవయ్యో తేదీన వాళ్ళ ప్రోగ్రాం. "దినా, ఈసారి కూడా నువ్వు వాయించేదేమిటో తెలియకపోతే మేం వేరేవాళ్ళని చూసుకోవాలి" అని బ్యాండులో పాడే ఎస్తేరు కచ్చితంగా చెప్పేసిందట. కాలేజీ మొదటి ఏడు నుంచీ నలుగురూ కలిసి పెట్టుకున్న బ్యాండు అది. ఆ మాట విని హైమకి మనసు ఆగలేదు. తప్పు తను వేసిన పికప్‌లదే అనుకుంది.

మాస్టారు ఆమె మొహం చూశారు. "వాళ్ళు ఎక్కడ వాయించుకుంటారు?" అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ వెళ్ళారు. డ్రమ్స్ వాయించే ఫణి మేనమామకి పరుపుల దుకాణం ఉంది. ఆ దుకాణం మేడ మీద గదే వాళ్ళ సాధన స్థలం. చప్పుడు బయటికి పోకుండా గోడల వెంట పరుపులు నిలబెట్టారు. ఉన్న ఒక్క కుర్చీ మాస్టారికి వేశారు. హైమ గుమ్మం దగ్గర నిలబడింది.

పాట మొదలైంది. కిటికీ అద్దాలు దడదడలాడాయి. దినకర్ నాలుగు వరసలు వాయించి, వంగి యాంప్ నాబ్ కొంచెం తిప్పాడు. అతను పెంచాడని ఫణి ఇంకా గట్టిగా బాదాడు. ఫణిని దాటాలని బేస్ గిటార్ వాయించే అతను తన యాంప్ పెంచాడు. ఎస్తేరు మెడ నరాలు తేలాయి. దినకర్ మళ్ళీ వంగాడు. పాట అయ్యేసరికి నలుగురూ చెమటలు కక్కుతున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

"నీకు నీ గిటార్ వినబడుతోందా, నాయనా?" అన్నారు మాస్టారు.

"లేదండీ. అందుకేగా ఇంకా బలమైనది వేయమంటున్నాను."

మాస్టారు లేచారు. నేల మీదున్న యాంప్‌ని హైమ సాయంతో ఎత్తి తను కూర్చున్న కుర్చీలో పెట్టారు. దాని ముందు భాగం దినకర్ తలవైపు చూసేలా వెనక్కి వాల్చారు.

"ఇన్నాళ్ళూ ఇది నీ మోకాళ్ళకి వినిపించింది," అన్నారు. "ఇప్పుడు వాయించు. ఒక్కడివే."

దినకర్ మొదలుపెట్టాడు. పట్టుమని పది క్షణాలు కాలేదు, ఆపేశాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య నిశ్శబ్దం ఉండాల్సిన చోట తీగలు మోగుతూనే ఉన్నాయి. వేగంగా పలకాల్సిన స్వరాలు ఒకదానిమీద ఒకటి పడి ముద్దయిపోతున్నాయి. ఎడమచేతి వేళ్ళు తీగల్ని మరీ అదిమి శ్రుతి తప్పిస్తున్నాయి. అతను తన చేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

ఫణి ఏదో హాస్యమాడబోయి ఎస్తేరు చూపు చూసి ఊరుకున్నాడు.

"మేం రోజూ వింటున్నది ఇదే, దినా," అంది ఎస్తేరు మెల్లగా.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. చెప్పినప్పుడల్లా నువ్వు వెళ్ళి కొత్త పికప్ వేయించుకొచ్చావు."

దినకర్ గోడవైపు తిరిగాడు. గిటార్ దించేసి వెళ్ళిపోతాడేమోనని హైమ భయపడింది. అతను వెళ్ళలేదు. కళ్ళు తుడుచుకుని వచ్చి, గర్జన పెంచే నాబ్‌ని తనే సగానికి తగ్గించాడు. మాస్టారు జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, స్క్రూలని రెండు తిప్పులు తిప్పి పికప్‌ని తీగలకి కొంచెం దూరంగా కిందికి దించారు. దినకర్ అదే వరసని సగం వేగంలో, చిన్నపిల్లలు ఎక్కాలు వల్లించినట్టు వాయించాడు. మళ్ళీ వాయించాడు. ఏడోసారో ఎనిమిదోసారో ఫణి కర్రలు తీసుకుని, అద్దం మీద కొట్టినంత నెమ్మదిగా తాళం కలిపాడు. మాస్టారు సాయంత్రం దాకా ఒక పరుపుల చుట్ట మీద కూర్చుని విన్నారు. ఒక్క సలహా ఇవ్వలేదు. మధ్యలో టీ వస్తే మాత్రం తన బిస్కట్టు దినకర్ చేతిలో పెట్టారు.

ఇరవయ్యో తేదీ ప్రోగ్రాంకి హైమ వెళ్ళింది. మొదటి రెండు పాటలూ బాగా కుదిరాయి. మూడోదాంట్లో దినకర్ ఒకచోట తప్పాడు. ఇప్పుడు అతను వాయించేది స్పష్టంగా వినబడుతోంది కనక ఆ తప్పు హాలంతా వింది. అతను ఎస్తేరు వైపు చూశాడు. ఆమె నవ్వింది. అతనూ నవ్వి పాట అందుకున్నాడు. వేరేవాళ్ళ మాట ఆ తరవాత ఎవరూ ఎత్తలేదు.

వారం తరవాత దినకర్ కొట్టుకి వచ్చాడు. "హైమగారూ, ఇప్పుడున్న పికప్‌లో లావు తీగ ఉబ్బినట్టు పలుకుతోందండీ. నాకది బిగువుగా కావాలి. అన్ని తీగలూ కలిపి మీటినా ఏ స్వరం దానికది తెలియాలి. అలాగని మరీ పలచనా వద్దు, దెబ్బ పడినట్టుండాలి. దీనికన్నా కొంచెం తక్కువ చుట్లున్నది ఏదైనా ఉందా?"

హైమ అల్మారా తెరిచింది. ఏది తీయాలో ఆలోచించే పనే లేకపోయింది. అరగంటలో బిగించి ఇచ్చింది. అతను అక్కడే కూర్చుని వాయించి చూసుకుని, ఇద్దరికీ దణ్ణం పెట్టి వెళ్ళాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా చూసి, హైమ మాస్టారి వైపు తిరిగింది. "అన్నిటికంటే బలమైనది ఏదో మీరు నాకింకా చెప్పనే లేదు, మాస్టారూ."

మాస్టారు ఒక గిటార్ మెడని వెలుతురుకి ఎత్తి వంపు చూస్తున్నారు. తల తిప్పకుండానే చెప్పారు.

"తనకి తాను వినబడని మనిషే బలం అడుగుతాడమ్మా. అతను ఇవాళ ఏమడిగాడో విన్నావుగా."