మైకు మింగిన మాటలు

చింతలంకలో వంటల తాతబ్బాయి ఇంట్లోవాళ్ళకి తమ తెలివికి ఎక్కడ దిష్టి తగులుతుందోనని ఒకటే బెంగ. తాతబ్బాయి, పెళ్ళాం మంగాయమ్మ, తమ్ముడు సత్తిపండు... ముగ్గురూ పొద్దున్నే ఒకరి బుర్రకొకరు దిష్టి తీసుకుని గానీ కాఫీ ముట్టరు. పులిహోర మాత్రం అమృతంలా చేస్తారు. బుర్రలోకి పోవలసింది కూడా చేతుల్లోకే పోయింది కాబోలు.

మూఢం వచ్చి పెళ్ళిళ్ళు లేక గాడిపొయ్యి చల్లారిపోయిన రోజుల్లో రాజమండ్రి నుంచి గవర్రాజు గారు ఫోన్ చేశారు. మూఢం వెళ్ళగానే కూతురి పెళ్ళట.

"మీ వంటకాలు చూపిస్తూ, వాటి గురించి చెబుతూ వీడియో పంపు తాతబ్బాయ్. మావాళ్ళకి నచ్చితే వంటలు నీకే."

రాజమండ్రిలో పెళ్ళి! తాతబ్బాయికి ఆ పూట అన్నం సయించలేదు. అంతే, చొక్కాకి తగిలించుకునే మైకు కొనేశాడు. వీడియో తీశారు. పులిహోర ధగధగలాడుతోంది గానీ, గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. సత్తిపండు దాన్ని అలాగే గవర్రాజు గారికి పంపేశాడు. తాతబ్బాయి తల పట్టుకుని, టౌన్లో మైకుసెట్లు అద్దెకిచ్చే బాజీకి ఫోన్ కొట్టాడు.

"మైకు లెవెల్ తక్కువుందయ్యా, పెంచు," అన్నాడు బాజీ.

ఇంకేముంది! బల్ల మీద పీట, పీట మీద గుండిగ, గుండిగ మీద మైకు.

"ఇంకా పెంచండి," అంది మంగాయమ్మ.

అటకెక్కించారు. తాతబ్బాయి కింద నుంచుని పులిహోర మహిమంతా చెప్పాడు. ఈసారి ఆ నూతిగొంతు కూడా లేదు.

"మైకుకి దగ్గరగా ఉండి మాట్లాడవయ్యా!" అన్నాడు బాజీ. "ఫోన్లో గీత కనిపిస్తుంది చూడు, అది పచ్చగా ఉండాలి. ఎరుపులోకి పోకూడదు."

అంతే, ఇంట్లో ఎరుపన్నది లేకుండా చేశారు. ఆవకాయ జాడీ కాలవలో ఒంపేశారు. మంగాయమ్మ ఎర్రచీర పక్కింటికి పంపేసింది. తాతబ్బాయి అటకెక్కి, పాత గుండిగల మధ్య ముడుచుకుని, నెత్తిన బూజుతో మళ్ళీ మొదలెట్టాడు. మైకేమో గోనెసంచి కింద ఉంది.

పంపిన వీడియో విన్న బాజీకి ఒళ్ళు మండింది. "సగం మాటలు మైకే మింగేసిందయ్యా!"

తాతబ్బాయికి చెమటలు పట్టాయి. సగం మాటలే! అరక్కపోతే దాని గతేం కాను? చెంబుడు ఉప్పునీళ్ళు తెప్పించి, మైకుని తలకిందులుగా ముంచాడు. బుడబుడమని బుడగలొచ్చాయి.

"కక్కుతోంది అన్నియ్యా!" అని గంతేశాడు సత్తిపండు. "చెవి పెట్టి విను, పులిహోరా అంటోంది!"

సంగతి విని బాజీ, "నీళ్ళలో ముంచావా? అయితే చచ్చిందయ్యా మైకు," అని ఫోన్ పెట్టేశాడు.

ఇంకేముంది, ఇల్లంతా ఘొల్లుమంది. "నిన్నటిదాకా నా గుండెల మీదే ఉన్నావు కదే," అని తాతబ్బాయి నేల మీద పడి దొర్లాడు. అరిటాకులో చుట్టి పెరట్లో దహనం చేశారు. తాతబ్బాయి గుండు గీయించుకున్నాడు.

ఆ సాయంత్రమే గవర్రాజు గారి ఫోన్. "నీ మాట ఒక్కటీ వినపడలేదు గానీ, ఆ పులిహోర చూసి మా ఇంటిల్లిపాదికీ నోరూరింది. వంటలు నీకే!"

తాతబ్బాయి కళ్ళు తుడుచుకున్నాడు. "మన్నించాలండి. మాకు మైల. పెళ్ళివంట చేయకూడదు."

"అయ్యయ్యో, ఎవరు పోయారు?"

"మైకండి. ఉప్పునీళ్ళు కూడా పట్టాం, దక్కలేదు."

"ముందు ఆ ఫోన్ తీసుకెళ్ళి గంగలో పారెయ్యి!" అని అరిచారు గవర్రాజు గారు.

"గోదారి పక్కనే ఉందిగా అన్నియ్యా," అన్నాడు సత్తిపండు.

"పెద్దమనిషి గోదారన్నాడట్రా? గంగన్నాడు."

అంతే, మైకు బూడిద మూటగట్టుకుని ముగ్గురూ కాశీ రైలెక్కారు. బండి మారీ, దారి తప్పీ, గంగలో మొలలోతున దిగేసరికి రాజమండ్రిలో పెళ్ళిరోజు వచ్చేసింది. బూడిద కలిపి తాతబ్బాయి ఫోన్ పైకెత్తాడో లేదో, అది మోగింది.

"తాతబ్బాయ్!" గవర్రాజు గారు గగ్గోలు పెట్టారు. "పిలిచిన వంటవాళ్ళు ఎగ్గొట్టారయ్యా. పెళ్ళివారు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. మైలా లేదు, గీలా లేదు. ఎక్కడున్నావు?"

"గంగలోనే ఉన్నానండి!" అన్నాడు తాతబ్బాయి నొచ్చుకుంటూ. "పారేస్తున్నాను కదండీ, అంత తొందరైతే ఎలా?"

బుడుంగుమని పారేశాడు.