టిక్కు పడని పేరు

నా ప్రోగ్రాం ఎప్పుడూ తప్పు చూపించేది కాదు. క్లాసులో అందరికీ అదే కడుపుమంట.

"సుహాసినక్కా, నీ కంప్యూటర్‌కి నోరు లేదా?" అనేది పక్క సీటు ప్రసన్న. తన తెరనిండా తప్పుల వరసలు. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

గుంటూరు బ్రాడీపేటలో, మందుల షాపు మీద మేడగది. చెప్పులు మెట్ల దగ్గరే విప్పాలి. పది కంప్యూటర్లకి ఇరవైమందిమి. జావా అనే కంప్యూటర్ భాష చెప్పే నజీర్ సార్ చెవి మీద పెన్సిలు, చేతిలో ఎప్పుడో చల్లారిపోయిన టీ. ఇరవై ఏళ్ళయింది. ఆ గదిలో ఏసీ వాసన ఇప్పటికీ గుర్తే.

"క్లాసులంటే ప్రోగ్రాంలో ఒక్కో పని చూసుకునే ముక్కలు. కొన్ని మీరు రాయక్కర్లేదు. భాషతోపాటే వచ్చాయి," అనేవారు సార్. "కొత్త కాపురానికి వెళ్ళేసరికి ఇంట్లో పెద్దవాళ్ళు ఉండరూ, అట్లా. అక్షరాల సంగతి స్ట్రింగ్ చూసుకుంటుంది. అంకెల సంగతి ఇంటిజర్. అంకె ఉండాల్సిన చోట అక్షరాలు పెట్టారో, ఇంటిజర్ ఊరుకోదు. కేకేస్తుంది. ఆ కేక పేరే ఎక్సెప్షన్."

కేక వినపడితే ఏం చెయ్యాలో రెండు బ్రాకెట్ల మధ్య రాయాలి. నేనేమీ రాసేదాన్ని కాదు. ఖాళీగా వదిలేసేదాన్ని. కేక అక్కడే ఆగిపోయేది. ప్రోగ్రాం ముందుకు వెళ్ళిపోయేది.

నా గుట్టంతా అదే.

ఆ నెలలో ఒక పిల్లల ఆసుపత్రివాళ్ళు సార్‌ని ఒక మనిషి కావాలని అడిగారు. టీకాలకి పిలవాల్సిన పిల్లల జాబితా తీసే పని. ఎవరి ప్రోగ్రాం బావుంటే వాళ్ళని పంపిస్తానన్నారు సార్. నాకా ఉద్యోగం కావాలి. జీతం కోసం కాదు. పగలు ఇంట్లో ఉండలేకపోతున్నాను. ఎందుకో క్లాసులో ఎవరికీ చెప్పలేదు. ఎవరడిగినా, "ఏం లేదు."

అందరికంటే ముందు నాదే అయింది. ప్రింటరు గరగరమంటూ జాబితా బయటికి తోసింది. ఒక్క తప్పూ లేదు. చించి సార్ చేతికిచ్చాను.

"ఇంకేం, ఆసుపత్రికి అక్కే," అంది ప్రసన్న.

సార్ మేం చూసి కొట్టిన, ఆసుపత్రివాళ్ళిచ్చిన పేర్ల కాగితం నా ముందు పెట్టారు. చెవి మీది పెన్సిలు తీసి ఇచ్చారు.

"నీ జాబితా నేను చదువుతా. నువ్వు ఈ కాగితం మీద టిక్కు పెట్టు."

ఒక్కో పేరే చదివారు. తొందర లేదు. సాయిలిఖిత. అబ్దుల్ రహీం. జ్యోత్స్న. అట్లా చివరిదాకా. అయిపోయాక చూస్తే, నా ముందున్న కాగితం మీద ఒక పేరుకి టిక్కు లేదు.

కరిష్మా. వయసు దగ్గర అంకె వెయ్యకుండా, మూడు అని అక్షరాల్లో రాశారెవరో. నేనూ అట్లాగే కొట్టాను.

"ఈ పిల్లేదమ్మా?"

నేను జాబితా మళ్ళీ మొదటినుంచి వెతికాను.

"టీకా రోజు ఈ పిల్లని ఎవరూ పిలవరు. పిలవలేదని కూడా ఎవరికీ తెలియదు."

సార్ వంగి, నా ఖాళీ బ్రాకెట్ల మధ్య ఒక్క లైను కొట్టారు. ప్రోగ్రాం మళ్ళీ నడిపారు. తెర నిండిపోయింది. ఎక్కడ తడబడిందో, ఏ మాట చూసి తడబడిందో, అంతా ఉంది. ప్రసన్న తొంగి చూసింది.

"సారీ సార్. ఇది కనపడకుండా తీసేస్తాను."

"ఎందుకూ? ఇన్నాళ్ళకి చెప్పుకుంది. ఉండనీ."

కాగితం మీద ఆ పేరు అలుక్కుపోతోంది. సార్ చూశారు.

"నీకేమైందమ్మా?"

"ఏం లేదు సార్."

సార్ వెళ్ళలేదు. ఒక స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. నన్ను చూడలేదు. తెరకేసి చూస్తూ కూర్చున్నారు, అంతే. ప్రసన్న తన సామాను తీసుకుని అవతలి వరసకి పోయింది.



"తేజస్," అన్నాను. "మా బాబు. మూడేళ్ళుండేవి."

వాడు పోయాక ఈ నాలుగు నెలల్లో వాడి పేరు నా నోటితో అనడం అదే మొదలు.

సార్ టీ గ్లాసు కింద పెట్టేశారు.

"చెప్పమ్మా. వింటున్నా."